గృహిణీవిజ్ఞానము: నల్లరాతికి సంస్కారము

గడచిన మాసమున ఈ పుటలలో వంటింటి పొగను గూర్చి మేము వ్రాసిన నాలుగు మాటలు చదివి పలువురు జాబులు వ్రాసినారు. అందొక సోదరి, "పొయ్యి మార్చుకొంటిమి, కిటికీ తెఱచితిమి. వంటింటి పొగ మా చేతిలోనిది గనుక వదలించుకొంటిమి. మఱి వాకిలి దాటినతోడనే ముఖమున కొట్టు బండ్లపొగకును, కర్మాగారముల పొగకును ఉపాయమేమి?" అని యడిగినది. ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము వెదకబోయి మేము తెలిసికొన్న సంగతులనే ఈ మాసమున మనవి చేయుచున్నాము. మేము కళాశాలలో చదివినవారము కాము. మా తండ్రిగారియొద్ద కావ్యములును, వ్యాకరణమును ఇంటనే చదువుకొన్నవారము. కావున మాకు తెలిసినంతవఱకు, మాకు తెలిసిన పోలికలతోనే చెప్పెదము.

మా యింట వీథితలుపు గాలికి కొట్టుకొనకుండ అడ్డముగా పెట్టెడు నల్లరాయి యొకటి కలదు. కొన్నియేండ్ల క్రిందట మా వారు తమ పాఠశాల పిల్లలను గరివిడి వైపునకు వెంటబెట్టుకొని పోయినపుడు ఒక పిల్లవాడు దారిలో ఏఱి తెచ్చి యిచ్చినది. పిడికెడే గాని మిక్కిలి బరువు. ముట్టిన చేతికి మసి యంటును. మేము దానిని తలుపురాయి యనియే పిలుచుచు వచ్చితిమి.

ఈ వేసవిలో శ్రీకాకుళమునుండి మా వదినగారు కూతురితో గూడ వచ్చిరి. ఆ పిల్ల రసాయనశాస్త్రమున ఎమ్మెస్సీ ముగించినది. హైదరాబాదులో పరిశోధన చేయుటకు ఆమెకు అవకాశము దొరకినది. తల్లికి మాత్రము మనసు లేదు. సంబంధములు చూచుచున్నారు. వచ్చిననాటి రాత్రియే వదినగారు మమ్ము పెరటి అరుగుమీద కూర్చుండబెట్టుకొని, "నీ మాట అది వినును. నచ్చజెప్పి మాన్పించవమ్మా. ఐదేండ్లు అక్కడ కూర్చుండి రాళ్లకు పూత పూయుట నేర్చునట! ఆ విద్య యెవరికి కావలెను?" అనిరి. మేము సరే యంటిమి.

మఱునాటి యుదయమున ఆ పిల్ల వాకిట ముగ్గు వేసి వచ్చుచు, తలుపురాతిని చేతికెత్తుకొని, "అత్తయ్యా, ఇది మాంగనీసు గదా! నేను చదువబోవునది దీనినిగూర్చియే" అన్నది. మాన్పింపబోయిన మేము వినుటకు కూర్చుంటిమి. ఆమె చెప్పినదియు, తరువాత మా వారి సాయమున పుస్తకములలో చూచినదియు కలిపి యిందు వ్రాయుచున్నాము.

ముందుగా పొగ యనగానేమో చూతము. పెట్రోలుగాని డీజిలుగాని పూర్తిగా కాలినయెడల ముఖ్యముగ మిగులునవి నీటియావిరియు, బొగ్గుపులుసు గాలియు. కాని యంత్రములో దహనము రెప్పపాటులో జరిగిపోవును. అది పూర్తి కాదు. ఆ యంత్రములో మూడు విధములైన విషములు పుట్టును. మొదటిది కార్బన్ మోనాక్సైడు. దీనికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువును మోయవలసిన పదార్థమును ఇది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. మోయువానినే పట్టి బంధించినచో బరువెవడు మోయును? మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పండుకొన్నవారు తెల్లవాఱుసరికి లేవకపోవుటకు కారణమిదియే. రెండవది కాలక మిగిలిన ఇంధనపు ఆవిరులు. మూడవది నత్రజని ఆక్సైడులు. గాలిలో ఐదింట నాలుగు పాళ్లు నత్రజనియే. సాధారణముగ అది యెవరి జోలికిని పోదు. యంత్రములోని మహోష్ణమున అదియు ప్రాణవాయువుతో కలసి ఊపిరితిత్తులను మండించు వాయువగును. మసి యన్నది వీనికి వేఱుగ నున్నది. కంటికి కనబడు మసినైన తుడుచుకొందుము. కనబడని ఈ మూడింటినే తెలిసికొనవలెను.

వీనిని నిర్దోషములుగ చేయుటకు మార్గము లేకపోలేదు. కార్బన్ మోనాక్సైడునకు మఱికొంత ప్రాణవాయువు చేర్చినచో బొగ్గుపులుసు గాలి యగును. నత్రజని ఆక్సైడునుండి ప్రాణవాయువును విడదీసినచో మామూలు నత్రజని యగును. చేర్చుటయు, విడదీయుటయు జరిగిన చాలును. కాని అవి తమంతట తాము సులభముగ జరుగవు. ఈడుజోడు కుదిరిన వధూవరులు ఒకే యూర నున్నను, నడుమ నొక పెద్ద పూనుకొననిదే పెండ్లి కానట్లు, ఈ వాయువులకును ఒక మధ్యవర్తి కావలెను. ఆ మధ్యవర్తికే ఉత్ప్రేరకమని పేరు. ఒక పెండ్లి ముగించి, తాను ఎప్పటివలెనే యుండి, మఱియొక పెండ్లి కుదుర్చుటకు పోవును. "పాలలో వేసిన తోడువంటిదా?" యని మేమడిగితిమి. కాదట. తోడు పాలను తిని తాను పెరుగును. ఉత్ప్రేరకము పెరుగదు, ఆ పనిలో తాను ఖర్చును కాదు.

ఈ భావమును మొట్టమొదట గ్రహించినవారిలో ఒక యిల్లాలు ఉన్నదని వినగానే మాకు ముచ్చట కలిగినది. ఎలిజబెత్ ఫుల్హేమ్ అను నామె బ్రిటనులో నొక వైద్యుని భార్య. బట్టలకు బంగారు వెండి పూతలను రసాయనమార్గమున పట్టించవచ్చునని 1780లో ఆమెకు తోచినది. భర్తయు, మిత్రులును అది జరుగు పని కాదనిరి. ఆమె మానక ప్రయోగములు చేసి, 1794లో దహనమునుగూర్చి యొక గ్రంథము ప్రకటించినది. నీరు కొన్ని మార్పులకు సాయపడి, చివరకు తిరిగి నీరుగనే మిగులునని అందు చెప్పినది. ఆ పిమ్మట నలుబదేండ్లకు, 1835లో, స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ ఈ ధర్మమునకు పాశ్చాత్యభాషలలో నేటికిని నిలిచియున్న పేరు పెట్టినాడు.

నేటి మోటారుబండ్ల పొగగొట్టములో, యంత్రమునకు దాపున, ఒక ఉక్కుడబ్బీ యుండును. దాని లోపల తేనెపట్టువలె సన్నని రంధ్రములు గల దిమ్మ యుండును. ఆ రంధ్రముల గోడలకు ప్లాటినము, పల్లాడియము, రోడియము అను లోహముల సూక్ష్మరేణువులు పట్టించియుందురు. పొగ ఆ సందులగుండ పోవునపుడు పైన చెప్పిన మార్పులు జరుగును. మన దేశమున 1995 ఏప్రిల్ నుండి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై నగరములలో అమ్ము క్రొత్త పెట్రోలు కార్లకు ఈ డబ్బీ తప్పనిసరి యయినది. సీసము కలిపిన పెట్రోలు ఈ రేణువులను కప్పివేసి పనికిరాకుండ చేయును. పిల్లల బుద్ధికిని సీసము కీడు చేయును. కావున 2000 ఫిబ్రవరి నుండి దేశమంతట సీసము కలుపని పెట్రోలే అమ్ముచున్నారు. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నియమములు వచ్చి, కార్లతోపాటు స్కూటర్లకును, మోటారుసైకిళ్లకును కట్టుబాట్లు గట్టిపడినవి.

ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని రెండు చిక్కులున్నవి. ఈ లోహములు మిక్కిలి వెలగలవి. మన దేశమున అరుదుగ దొరకునవి. పైగా వేడెక్కినగాని యివి పనిచేయవు. బండి కదలిన మొదటి నిమిషము రెండు నిమిషములు, డబ్బీ రమారమి 250, 300 డిగ్రీల వేడికి వచ్చువఱకు, విషము చాలవఱకు అట్లే వెలువడును. కావున చవుకగ దొరకునదియు, తక్కువ వేడిలో పనిచేయునదియు నగు మధ్యవర్తికై శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. ఆ వెదకులాటలో మన తలుపురాయి వంటి రాయి కంటబడినది.

మాంగనీసు మన ప్రాంతమునకు క్రొత్త కాదు. భారతదేశమున మాంగనీసు గనుల త్రవ్వకము మొదట ఆరంభమైనది విజయనగర సీమలోనే. అది 1892 నాటి మాట. చీపురుపల్లి, గరివిడి ప్రాంతమందలి కోడూరు గనిపేరు మీదుగ ఒక జాతి శిలకు కోడురైటు అను పేరు భూగర్భశాస్త్రమున నిలిచిపోయినది. ఫెర్మర్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు భారతదేశపు మాంగనీసునుగూర్చి 1909లో ప్రకటించిన పెద్దగ్రంథమున దానిని వర్ణించినాడు. ఆ కాలమున త్రవ్విన రాయి ఓడలకెక్కి విదేశములకు పోయినది. 1950 తరువాత గరివిడిలోనే ఫెర్రోమాంగనీసు కొలుములు వెలసినవి. ఉక్కునకు గట్టిదనము నిచ్చుట దీని గుణమని మనవారెఱుగుదురు.

దీనికి రెండవ గుణము కలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో జాన్స్ హాప్కిన్స్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు మాంగనీసు ఆక్సైడును, రాగి ఆక్సైడును కలిపి యొక పొడి చేసిరి. ఆ రెండు విద్యాలయముల పేళ్ల మొదటి భాగములు కలిపి దానికి హాప్‌కలైటు అని పేరు పెట్టిరి. మామూలు గాలివేడిలోనే అది కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు గాలిగ మార్చును. ముఖకవచములలోను, జలాంతర్గాములలోను దానిని వాడినారు. తేమ తగిలినచో మాత్రము దాని శక్తి సన్నగిల్లును.

రాయి యొకటియే కాదు, మన తీరమందలి యిసుకయు ఈ పనికి వచ్చునదే. కళింగపట్నము, భావనపాడు తీరముల యిసుకలో ఇల్మెనైటు, మోనజైటు అను ఖనిజములున్నవి. ఇల్మెనైటునుండి టైటానియము ఆక్సైడును, మోనజైటునుండి సీరియమును తీయవచ్చును. మొదటిది కర్మాగారముల పొగలోని నత్రజని ఆక్సైడులను విఱుచు ఉత్ప్రేరకములకు పీఠము. రెండవదాని ఆక్సైడు మోటారుబండ్ల డబ్బీలో గాదెవంటిది. ప్రాణవాయువు ఎక్కువైనప్పుడు దాచిపెట్టి, తక్కువైనప్పుడు తీసి యిచ్చును.

అట్లయిన తలుపురాతిని తీసికొనిపోయి పొగగొట్టములో దూర్చిన చాలునా? చాలదు. విషయమంతయు ఇచ్చటనే యున్నది.

ఉత్ప్రేరకము చేయు పని యంతయు దాని పైపొరలోనే జరుగును. లోపలి పదార్థమెంత యున్నను పొగకు తగులదు, తగులనిది పనిచేయదు. కావున కొలదిపాటి పదార్థమునకు ఎక్కువ పైపొర కలుగునట్లు చేయవలెను. అందులకై అల్యూమినా వంటి దానిని కంటికానని రంధ్రములతో నిండునట్లు తయారుచేయుదురు. అట్టి పొడి యొక్క గ్రాము తీసికొని, లోపలి గోడలన్నియు విప్పి నేలపై పఱచినచో 100 చదరపు మీటర్లకు మించవచ్చును. మన లెక్కలో రమారమి 120 చదరపు గజములు, అనగా చిన్న కుటుంబమునకు ఒక ఇంటిస్థలము, చిటికెడు పొడిలో నున్నదన్నమాట. లోహలవణము కలిపిన నీటిలో ఆ పొడిని నానవేసి, ఆఱబెట్టి, కొలిమిలో 400, 500 డిగ్రీల వేడిలో కొన్నిగంటలు కాల్చుదురు. లవణము విఱిగి లోహపు ఆక్సైడు మిగులును. వాడుకలోనున్న పద్ధతి యిది.

కాని వేడికి ఒక దుర్గుణము కలదు. చారుమీద తేలు నూనెచుక్కలను చూడుడు. మొదట సన్నసన్నని చుక్కలుగ చెదరియుండును. కొంతసేపటికి ఒకదానితో నొకటి కలసి పెద్దబొట్లగును. నూనె తఱుగలేదు, చుక్కల అంచులు తఱిగినవి. కొలిమివేడిలో లోహరేణువులును అట్లే కదలి, కలసి, ముద్దకట్టును. లోహము తఱుగదు, పైపొర తఱుగును. పైపొర తఱిగినచో పని తఱుగును. మన వంటలో మాడినది తిరిగి పచ్చిది కానట్లు, ముద్దకట్టినదానిని విడదీయుట కష్టము.

మఱి వేడి తగులనీయక లవణమును విఱుచుట యెట్లు? ప్లాస్మా యను మాట ఇచ్చట వచ్చుచున్నది. పదార్థమునకు గట్టిది, నీరువంటిది, గాలివంటిది అని మూడు దశలు మన మెఱుగుదుము. గాలివంటిదానికి ఇంకను శక్తి నిచ్చినయెడల అణువులనుండి ఎలక్ట్రానులు విడివడి తిరుగాడసాగును. ఆ నాలుగవ దశయే ప్లాస్మా. మెఱుపు ప్లాస్మా, సూర్యుడు ప్లాస్మా. అవి మండునవి. చల్లని ప్లాస్మాయు కలదు. ఎల్‌ఈడీ దీపములు రాకముందు మన యిండ్లలో వెలిగిన పొడుగాటి ట్యూబ్‌లైటు గొట్టములోనిది అదియే. వెలుగుచున్న ఆ గొట్టమును తాకినచో చేయి కాలదు. లోపలి ఎలక్ట్రానులు మాత్రము 10,000 డిగ్రీల వేడికి తగిన వేగముతో పరుగెత్తుచుండును.

ఈ రెండును ఒకచోట ఎట్లు పొసగును? ఎలక్ట్రాను మిక్కిలి తేలిక. అణువు దానికి వేలరెట్లు బరువు. ఆవగింజలు వచ్చి రోటికి తగిలినట్లు, ఆ తాకిడికి అణువులు పెద్దగ కదలవు. కావున గాలి వేడెక్కదు. అయినను అణువులను కట్టియుంచిన ముడులు మాత్రము ఆ తాకిడికి వీడును. వేడి లేని నిప్పు అన్నమాట.

ప్లాస్మా యను పేరు 1928లో అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ పెట్టినాడు. గట్టిపదార్థముల పైపొరమీద వాయువులు ఎట్లు కుదురుకొనునో పరిశోధించి 1932లో నోబెలు బహుమానము పొందినవాడును అతడే. ఒక్కమనిషి వేఱువేఱుగ చూచిన ఆ రెండు విషయములు నేడు ఒకే గాజుగొట్టములో కలిసినవి.

పద్ధతి యిది. లవణము నానిన పొడిని గొట్టములో నుంచి, లోపలి గాలిని చాలవఱకు లాగివేసి, ఆర్గాను వంటి వాయువును కొద్దిగ విడిచి, విద్యుత్తు నిత్తురు. గొట్టము ఊదారంగున వెలుగును. లవణము విఱుగును. వేడి లేదు గనుక రేణువులు పుట్టినచోటనే నిలిచి, చిన్నవిగ చెదరియుండి, పీఠమును గట్టిగ పట్టుకొనును. చైనాలోని తియాన్‌జిన్ విశ్వవిద్యాలయమున లియు చాంగ్‌జున్ గారి బృందము నికెలు ఉత్ప్రేరకములను ఈ రీతిగ తయారుచేసి, వానిపై మసి పేరుకొనుట తగ్గునని చూపినది. మాంగనీసు, సీరియము ఆక్సైడుల విషయమున ప్లాస్మా మఱియొక మేలు చేయగలదు. పైపొరనుండి అక్కడక్కడ ప్రాణవాయువు పరమాణువులను పెఱికి ఖాళీలు చేయును. గాలిలోని ప్రాణవాయువు వచ్చి ఆ ఖాళీలలో కూర్చుండి, కార్బన్ మోనాక్సైడునకు అందుబాటులో నుండును. పీఠము నిండియున్నచోట క్రొత్తవారికి తావేది?

ఇది వినుచుండగా మాకు పొందూరు జ్ఞప్తికి వచ్చినది. శ్రీకాకుళపు సోదరీమణులకు క్రొత్తగ చెప్పనక్కఱలేదు. పొందూరు సన్నఖద్దరు నేయుటకు ముందు, అచ్చటి స్త్రీలు పత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వుదురు. ఆ యెముకకు గల సన్నని పండ్లు పోగులను తెంపక, చిక్కుపఱచక, చెత్తను తీసి సవరించును. ఆపైననే ఏకుటయు, వడకుటయు. అట్లు వడకినది 100 నంబరు నూలు కాగలదు. అదే పత్తిని మోటుపనిముట్టుతో చిదిపినచో మోటునూలే వచ్చును. పత్తిలో భేదము లేదు. సవరించిన చేతిలో భేదము. కొలిమి మోటుపనిముట్టు. ప్లాస్మా వాలుగచేప పండ్ల దువ్వెన. మన పెద్దలు సంస్కారమన్నది దీనినే గదా!

తయారుచేయునపుడే గాక, పొగను శుభ్రపఱచు వేళను ప్లాస్మాను, ఉత్ప్రేరకమును జతగ వాడు పద్ధతియు కలదు. 1857లో జర్మనీదేశపు వెర్నర్ ఫాన్ సీమెన్స్ గాజు అడ్డముంచి, నడుమ గాలిని పంపి, విద్యుత్తు నిచ్చి ఓజోనును చేయు పరికరము నిర్మించినాడు. నేటి పరికరములు దాని సంతానమే. చల్లపల్లి సుబ్రహ్మణ్యముగారు స్విట్జర్లాండులోని లోసాన్ నగరమున తోటివారితో చేసి 2006లో ప్రకటించిన పరిశోధనలో, లోహపు పోగులతో చేసిన జల్లెడవంటి దానికి మాంగనీసు ఆక్సైడు పట్టించి, దానినే విద్యుత్తు ఇచ్చు ధ్రువముగ వాడినారు. రంగులలోను, వార్నీషులలోను ఉండు టాలీను ఆవిరిని దానిగుండ పంపినారు. విద్యుత్తు వలన పుట్టిన ఓజోనును మాంగనీసు విఱిచి, చుఱుకైన ప్రాణవాయువుగ మార్చును. అది టాలీనును దహించును. ఓజోను వెలుపలికి పోయిన ఊపిరితిత్తులకు హాని. లోపల విఱిగినచో ఉపకారి. ఆ తరువాత సుబ్రహ్మణ్యముగారు, 2008లో వెలసిన ఐఐటీ హైదరాబాదులో రసాయనశాస్త్రాచార్యులై ఈ మార్గముననే పరిశోధనలు సాగించినారు. మన పిల్ల పేర్కొన్న విద్య విదేశములకే పరిమితమైనది కాదని దీనివలన తేలినది.

అయినను గొప్పలు చెప్పుట మా మతము కాదు. నేడు బండ్లలోనున్న డబ్బీలు కొలిమిలో కాల్చి చేసినవే. చేతెడు పొడికి ప్లాస్మా పట్టించుట యొకటి, బస్తాలకొలది పొడికి సమముగ పట్టించుట వేఱొకటి. ఆ చిక్కు తీరవలసియున్నది. ప్లాస్మాకు విద్యుత్తు కావలెను. ఆ విద్యుత్తు బొగ్గు కాల్చి చేసినదైనచో, ఈ యూరి పొగను తుడిచి వేఱొక యూర పోసినట్లగును. ఉత్ప్రేరకము విషమును తొలగించును గాని, మిగిలిన బొగ్గుపులుసు గాలి భూమిని వేడెక్కించుచునే యుండును. కావున పొగను శుద్ధిచేయుటకంటె పొగపెట్టకుండుటయే ఎప్పటికిని మేలు.

ఇల్లాండ్రు చేయదగిన పనులు కొన్ని కలవు. ఇంటిలో బండి యున్నచో దానికి పొగ తనిఖీ పత్రము గడువు దాటకుండ చూడవలెను. బండి దగ్గుచు, తడబడుచు నడచినచో వెంటనే బాగుచేయింపవలెను. కాలని పెట్రోలు డబ్బీలోనికి పోయి మండినచో, పైన చెప్పినట్లే రేణువులు ముద్దకట్టి డబ్బీ పాడగును. ఎవరైనను "డబ్బీ తీసివేసిన బండి చుఱుకుగ నడచును" అని చెప్పిన వినవలదు. అది నేరము, పొరుగువారి ఊపిరికి అపచారము. బడియొద్ద పిల్లలకొఱకు వేచియున్నపుడు బండి ఆపివేయవలెను. పిల్లల ముక్కు పెద్దవారి ముక్కుకంటె పొగగొట్టము ఎత్తునకు దగ్గఱగ నుండునని మఱవకుడు. ఇంకొక మాట: మాంగనీసు రాతిని ఇంట దంచవలదు. ఆ ధూళిని నిత్యము పీల్చినవారికి నరములు చెడును. ముట్టిన చేయి కడుగుకొనవలెను.

ఇక వదినగారి మాట. ఆ సాయంకాలము మేము ఆమెయొద్ద కూర్చుండి, "వదినా, దానిని మాన్పింప మాకు నోరు రాలేదు. 1892 నాటినుండి రాయి మనదే. దానిని త్రవ్వినవారు మనవారే, మోసినవారు మనవారే. అందు మనవారి ఆడువారును కలరు. రాతికి గల గుణము తెలిసికొన్నవారు మాత్రము వేఱొకరు. రాయి అమ్మినవారికి రాతివెలయే వచ్చును. సంస్కారము నేర్చినవారికి విద్యకు వెల వచ్చును. పూత పూయుట యని మీరన్నది అదియే. పొందూరి ఆడువారు పత్తిని సవరించు పనిని మనము చిన్నపని యనుకొనము గదా! పెండ్లి ఎక్కడికిని పోదు. ఈ అవకాశము మాత్రము ఏటేట రాదు" అని చెప్పితిమి.

వదినగారు చాలసేపు మాటాడలేదు. తలుపు దగ్గఱ నున్న రాతిని తీసి, ఇటునటు త్రిప్పి చూచి, బరువు చూచిరి. చేతికి మసి యంటినది. దానిని కొంగున తుడుచుకొనబోయి, ఏమి తోచినదో, లేచి చేయి కడుగుకొని వచ్చిరి. తరువాత కూతురిని పిలిచి, "అక్కడ భోజనము మెస్సులోనా, నీవే వండుకొనవలెనా? ఆవకాయ జాడీ తీసికొని పోనిత్తురా?" అని యడిగిరి.

ఆ పిల్ల ప్రయాణమునాడు రాతిని తన పెట్టెలో పెట్టుకొన్నది. మా వీథితలుపు ఇప్పుడు గాలికి కొట్టుకొనుచున్నది. మా వారిని వేఱొక రాయి తెమ్మంటిమి.